పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సముద్రపు అడుగున చోటు వెతుక్కునే డింభకాలు

ప్రశ్న: మా మరపడవను ఒడ్డుకు లాగించి, అడుగు గీకించి, రంగు వేయించి మళ్లీ నీళ్లలోకి దింపిన కొద్ది నెలలకే తెల్లని గట్టి గుల్లలు పట్టేస్తున్నాయి. పడవ బరువెక్కి వేగం తగ్గుతోంది, డీజిల్ ఖర్చు పెరుగుతోంది. తమంతట తాము కదలలేని ఈ గుల్లలు రేవులో కట్టేసి ఉన్న పడవ మీదికి ఎలా చేరుతున్నాయి? అవి నీళ్లలోనే పుడతాయని మా పెద్దలు అనేవారు. – ఒక మరపడవ యజమాని, విశాఖపట్నం

జవాబు: మీ పెద్దల మాట చాలావరకు సరైనదే. ఆ గుల్లలు పడవ మీదికి నీళ్లలోంచే వస్తాయి. అయితే గుల్లలుగా కాక, కంటికి సరిగా ఆనని పిల్లజీవులుగా వస్తాయి. వీటినే జంతుశాస్త్రంలో డింభకాలు లేదా లార్వాలు అంటారు.

మీరు చెబుతున్న తెల్లని గుల్ల పేరు బార్నకిల్. పైనున్న సున్నపు పెంకును చూస్తే నత్త జాతిదో ఆల్చిప్ప జాతిదో అనిపిస్తుంది గాని, నిజానికి అది రొయ్యకూ పీతకూ దగ్గరి బంధువు. ఫ్రాన్సుకు చెందిన కువియే అంతటి శాస్త్రవేత్త కూడా దీన్ని నత్తలు, ఆల్చిప్పలు ఉండే మృదులాంగుల వర్గంలోనే చేర్చాడు. ఐర్లండులోని కార్క్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ సముద్రపు నీటిని సన్నని వలతో వడగట్టి, అందులో దొరికిన చిన్న జీవులను గాజుపాత్రలో ఉంచి గమనిస్తూ ఉండగా, ఈదుతున్న ఆ జీవులు పాత్రకు అతుక్కుని బార్నకిల్స్‌గా మారాయి. 1830లో ఆయన ఈ సంగతిని ప్రచురించిన తరువాతే దాని అసలు కుటుంబం ఏదో తేలింది. అటు తరువాత చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్లు ఈ జీవుల మీదనే పని చేశారు. పెద్దజీవిని ఎంత పరిశీలించినా తెలియని బంధుత్వం పిల్లజీవిని చూడగానే తెలిసిపోవడం జంతుశాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

ఇక మీ పడవ సంగతి. రేవు గోడలకూ స్తంభాలకూ అంటుకుని ఉన్న పెద్ద బార్నకిల్స్ తమ గుడ్లను పెంకు లోపలే పొదిగి, నాప్లియస్ అనే డింభకాలను నీటిలోకి వదులుతాయి. ఇవి నీటిలోని సూక్ష్మ శైవలాలను (నాచు వంటి జీవులను) తింటూ ఆరు దశలు దాటుతాయి. మన రేవుల్లో ఎక్కువగా కనిపించే చారల బార్నకిల్ వంటి వాటికి, వెచ్చని నీటిలో, ఇందుకు వారం రోజులు చాలు. ఆరో దశ తరువాత కుబుసం విడిచి వచ్చేది సిప్రిస్ డింభకం. దాని పొడవు సుమారు అర మిల్లీమీటరు, ఒంటికి రెండు తలుపుల చిప్ప. ఇది ఏమీ తినదు. వెనుకటి దశలో దాచుకున్న కొవ్వే దాని ఆహారం. ఆ కొవ్వు అయిపోయే లోపు శాశ్వతంగా ఉండే చోటును వెతికి పట్టుకోవడం ఒక్కటే దాని పని.

ఈ వెతుకులాట తీరు సూక్ష్మదర్శినిలో చూసినవారికి మరపురాదు. తల ముందున్న రెండు స్పర్శశృంగాల (మీసాల వంటి అవయవాల) చివర చిన్న బిళ్లలు ఉంటాయి. ఒకదాన్ని తాత్కాలికమైన జిగురుతో ఉపరితలానికి అంటించి, రెండోదాన్ని ఎత్తి ముందుకు వేసి, మళ్లీ మొదటిదాన్ని ఊడదీసుకుంటూ సిప్రిస్ నడుస్తుంది. నడుస్తూ ఆ ఉపరితలం నునుపుగా ఉందా గరుకుగా ఉందా, గుంటలు ఉన్నాయా, నీటి ఒరవడి ఎంత, వెలుతురు ఎంత, అక్కడ ఎటువంటి రసాయనాలు, ఎటువంటి సూక్ష్మజీవులు ఉన్నాయి అన్నవన్నీ పరీక్షిస్తుంది. నచ్చకపోతే వదిలి ఈదుకుంటూ పోతుంది. నచ్చితే ఒకే చోట దగ్గర దగ్గరగా తిరిగి, చివరకు సిమెంటు గ్రంథుల నుంచి శాశ్వతమైన జిగురును వదులుతుంది. ఆ జిగురులో మొదట వచ్చే నూనెలాంటి పదార్థం ఉపరితలం మీది నీటిని పక్కకు నెడుతుంది, దాని వెంట వచ్చే ప్రొటీన్లు గట్టిపడి పట్టు బిగిస్తాయి. నీళ్లలో ఉండగానే ఇంత గట్టిగా పట్టే జిగురు తయారు చేయాలని రసాయన శాస్త్రవేత్తలు ఇప్పటికీ కష్టపడుతున్నారు. అంటుకున్న కొద్ది గంటల్లో రూపవిక్రియ, అంటే డింభకం పెద్దజీవి రూపానికి మారడం, మొదలవుతుంది. తల కింద, కాళ్లు పైన ఉండే భంగిమలో శరీరం తిరిగి అమరి, చుట్టూ సున్నపు పలకలు పుడతాయి. ఇక జీవితాంతం ఆ జీవి తన కాళ్లతోనే నీటిలోని ఆహారాన్ని లోపలికి తోసుకుంటూ అక్కడే ఉండిపోతుంది.

గుల్లలు విడివిడిగా కాక గుంపులు గుంపులుగా ఎందుకు పడతాయో కూడా తెలుసుకోవాలి. బార్నకిల్స్‌లో ఎక్కువ వాటికి ఒకే శరీరంలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. అయినా సంతానం కలగాలంటే సాధారణంగా పక్కనున్న మరో జీవితో కలవాలి. నడవలేని జీవి ఒంటరిగా అంటుకుంటే దాని వంశం అక్కడితో ఆగినట్టే. అందుకే సిప్రిస్ తన జాతి పెద్దజీవుల ఆనవాళ్ల కోసం వెతుకుతుంది. 1950లలో బ్రిటన్‌లో నైట్-జోన్స్, ఆయన తరువాత క్రిస్ప్ చేసిన ప్రయోగాల్లో, పెద్ద బార్నకిల్స్ శరీరంలోని ఒక ప్రొటీన్ తగిలిన ఉపరితలం మీద సిప్రిస్‌లు ఎక్కువగా స్థిరపడతాయని తేలింది. అది కరిగి నీటిలో వాసనలా రావడం కన్నా, ఉపరితలానికి అంటుకుని ఉండి డింభకానికి నేరుగా తగలడం ముఖ్యం. నడిచిన చోటల్లా సిప్రిస్ వదిలిపోయే తాత్కాలిక జిగురు మచ్చలు కూడా వెనుక వచ్చేవాటిని ఆకర్షిస్తాయి. గీకించినప్పుడు పాత గుల్లల అడుగు పలకలను వదిలేస్తే కొత్తవాటికి మనమే దారి చూపినట్టవుతుంది. పడవ వేగంగా పోతున్నప్పుడు సిప్రిస్ దాని మీద నిలదొక్కుకోవడం చాలా కష్టం. రేవులో రోజుల తరబడి కదలకుండా ఉన్న పడవ మాత్రం వాటికి అచ్చం రాయి వంటిదే.

ప్రశ్న: డింభకాలు ప్లవకాలనీ (నీటిలో తేలుతూ కొట్టుకుపోయే జీవులనీ), ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతాయనీ మా పాఠ్యపుస్తకంలో ఉంది. మరోచోట అవి తమకు తగిన ఆధారాన్ని ఎంచుకుంటాయని చదివాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? – బీఎస్సీ జంతుశాస్త్ర విద్యార్థిని, కాకినాడ

జవాబు: రెండూ నిజమే, అయితే వేర్వేరు దూరాల వద్ద నిజం. కిలోమీటర్లలో కొలిచే ప్రయాణం ప్రవాహానిది, మిల్లీమీటర్లలో కొలిచే ఎంపిక డింభకానిది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల సముద్ర జీవశాస్త్రంలో దశాబ్దాల పాటు వాదం నడిచింది.

శైలికలతో, అంటే ఒంటి మీది వెంట్రుకల వంటి సన్నని పోగులతో, ఈదే డింభకం సెకనుకు మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే కదలగలదు. ఆటుపోట్ల ప్రవాహం సెకనుకు పదుల సెంటీమీటర్లు ఉంటుంది. అడ్డంగా ఎదురీదడం దానికి సాధ్యం కాదు. కానీ పైకీ కిందికీ కదలడం సాధ్యమే, పై పొరలోని నీరు, కింది పొరలోని నీరు ఒకే దిక్కుకు పోవాలని లేదు కూడా. పోటు వచ్చే వేళ పైకి లేచి, ఆటు వేళ అడుగుకు దిగే డింభకం ఎదురీదకుండానే నదీముఖంలో నిలిచి ఉండగలదు.

కాలమూ ముఖ్యమే. మన తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిక్కుకు పోదు. ఫిబ్రవరి నుంచి మే వరకు స్థూలంగా ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికి నీరు సాగుతుంది. రెండు మూడు వారాలు నీటిలో ఉండే డింభకాలను కాకినాడ దగ్గర ఒక జీవి మార్చిలో వదిలితే అవి విశాఖ వైపూ, నవంబరులో వదిలితే కృష్ణా ముఖద్వారాల వైపూ కొట్టుకుపోయే అవకాశం ఉంటుందన్నమాట. ఏ జాతి ఏ నెలలో గుడ్లు పెడుతుందన్న ప్రశ్న దాని పిల్లలు ఎక్కడ బతుకుతాయన్న ప్రశ్నగా మారుతుంది. ఈ విషయం మీద మన తీరంలో చేయవలసిన పని చాలా ఉంది. మీవంటి విద్యార్థులు దాన్ని చేపడితే నాకు సంతోషం.

అడుగుకు దగ్గరవుతున్న కొద్దీ కథ మారుతుంది. నేలను ఒరుసుకునే పలుచని పొరలో నీటి వేగం బాగా తగ్గిపోతుంది, అక్కడ డింభకం ఈత, పాకుడు పనికి వస్తాయి. ఇంగ్లండులోని ప్లిమత్ ప్రయోగశాలలో పని చేసిన డగ్లస్ విల్సన్ ఇసుకలో బొరియలు చేసుకుని బతికే ఒఫీలియా అనే పురుగు డింభకాలకు రకరకాల ఇసుకలు ఇచ్చి చూశారు. ఎక్స్ నదీముఖంలో ఆ పురుగులు సహజంగా ఉండే తిన్నెల ఇసుక ఇస్తే వెంటనే రూపవిక్రియ చెందిన డింభకాలు, నచ్చని ఇసుకను ఇస్తే పనిని వాయిదా వేసి రోజుల తరబడి ఈదుతూనే ఉన్నాయి. అంతవరకు చాలామంది డింభకాలు వర్షంలా పడతాయనీ, తప్పుచోట పడ్డవి చనిపోతాయనీ, సరైనచోట పడ్డవి బతుకుతాయనీ, ఇందులో డింభకం ప్రమేయం ఏమీ లేదనీ అనుకునేవారు. విల్సన్ ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. తరువాత 1980లలో అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థలో షెరిల్ ఆన్ బట్‌మన్ కృత్రిమ కాలువల్లో నీటిని పారించి, డింభకాలు ఎక్కడ దిగుతాయో గమనించి, మొదట నీరు వాటిని మట్టి రేణువుల మాదిరిగానే అడుగుకు చేరుస్తుందనీ, చేరిన తరువాత అవి అక్కడ ఉండాలా, మళ్లీ లేచిపోవాలా అన్నది నిర్ణయించుకుంటాయనీ వివరించారు. మీ పాఠ్యపుస్తకంలోని రెండు వాక్యాల మధ్య ఉండవలసిన మూడో వాక్యం ఇదే.

ప్రశ్న: డింభకానికి మెదడు అన్నది దాదాపు లేదు కదా. అది ఒక చోటు మంచిదని దేని ఆధారంగా తెలుసుకుంటుంది? ఈ విషయంలో బాక్టీరియా పాత్ర ఉందని విన్నాను, నిజమేనా? – ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, హైదరాబాద్

జవాబు: నిజమే, పైగా ఆ పాత్ర చాలా పెద్దది. శుభ్రమైన గాజుపలకను సముద్రంలో ముంచితే కొద్ది గంటల్లోనే దాని మీద బాక్టీరియా చేరి పలుచని జీవపొర కడతాయి. రోజులు గడిచేకొద్దీ అందులో డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు, ఇతర సూక్ష్మజీవులు కలుస్తాయి. ఆ పొర ఎటువంటి జీవులతో ఏర్పడిందన్నదే డింభకానికి ఆ చోటు గురించి అందే మొదటి సమాచారం. అక్కడ ఎంతకాలంగా నీరు ఉంది, వెలుతురు పడుతుందా, ఆహారం దొరుకుతుందా అన్నవాటిని బట్టే ఆ పొరలోని జీవులు మారతాయి కనుక, ఆ పొరను చదివిన డింభకం ఆ చోటు చరిత్రను చదివినట్టే. పైన చెప్పిన విల్సన్ కూడా ఇసుకను వేడి చేసినా ఆమ్లంతో కడిగినా డింభకాలు దాన్ని ఇష్టపడకపోవడం, మళ్లీ బాక్టీరియా పట్టగానే ఇష్టపడటం చూసి, ఆకర్షణ రేణువుల మీది సూక్ష్మజీవులదే అని 1950లలోనే గ్రహించారు.

దీన్ని అణువుల స్థాయి దాకా తీసుకుపోయిన పని హవాయి విశ్వవిద్యాలయంలో మైకేల్ హాడ్‌ఫీల్డ్ బృందం చేసింది. వెచ్చని సముద్రాల రేవులన్నిటా ఓడలకు తెల్లని సన్నని సున్నపు గొట్టాలు కట్టే హైడ్రాయిడెస్ ఎలిగన్స్ అనే పురుగును వారు పెర్ల్ హార్బర్ నుంచి తెచ్చి దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. జీవపొర లేని శుభ్రమైన ఉపరితలం మీద దాని డింభకాలు స్థిరపడవు. స్యూడోఆల్టెరోమొనాస్ లూటియోవయోలేసియా అనే ఒక్క జాతి బాక్టీరియా పొరను ఇస్తే చాలు, స్థిరపడతాయి. ఆ బాక్టీరియాలో ఉన్నది ఏమిటి? బాక్టీరియా మీద దాడి చేసే వైరస్‌లకు ముడుచుకుని గుచ్చే తోక ఒకటి ఉంటుంది. అటువంటి తోకల వంటి నిర్మాణాలు సుమారు వంద కలిసి అల్లికలా అమరి ఈ బాక్టీరియాలో ఉంటాయని 2014లో నికొలస్ షికుమా, హాడ్‌ఫీల్డ్, సహ పరిశోధకులు ప్రకటించారు. వాటి తయారీకి కావలసిన జన్యువులను తీసేస్తే బాక్టీరియా పొర కడుతుంది గాని పురుగు డింభకం మాత్రం మారదు. బహుశా ఇతర కణాలను చంపడానికి పుట్టిన ఒక ఆయుధం వేరొక జంతువు పెరుగుదలకు సంకేతమైందన్నమాట. ఈ విషయం తరగతిలో చెప్పడానికి చాలా బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే బాక్టీరియా అంటే రోగమే అన్న భావన పిల్లల్లో బలంగా నాటుకుని ఉంది.

అన్ని జీవులూ ఒకే సంకేతాన్ని చూడవు. పగడాల్లో చాలావాటి డింభకాలు రాళ్ల మీద గులాబీ రంగు సున్నపు పూతలా పెరిగే ఎర్ర శైవలాలను వెతుకుతాయి. ఆ శైవలాల మీద ఉండే బాక్టీరియా నుంచి తీసిన టెట్రాబ్రోమోపైరోల్ అనే పదార్థం ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌కు చెందిన అక్రొపోరా పగడాల డింభకాల్లో రూపవిక్రియను కలిగించగలదని 2011లో తేలింది. కాలిఫోర్నియా తీరపు ఎర్ర అబలోన్ అనే పెద్ద నత్త డింభకాలు కూడా అటువంటి శైవలాల మీదే దిగుతాయి. మన మెదడులోనూ నాడీకణాల మధ్య సందేశాలకు వాడుకలో ఉన్న గాబా అనే చిన్న అణువును నీటిలో కలిపినా అవి స్థిరపడతాయని డేనియల్ మోర్స్ బృందం 1979లో చూపింది. హవాయిలో పోరైటిస్ పగడాన్ని మాత్రమే తిని బతికే ఫెస్టిల్లా అనే సముద్రపు స్లగ్ డింభకం ఆ పగడం నుంచి నీటిలోకి వెలువడే పదార్థపు పాయలోకి వచ్చిన క్షణంలో ఈత ఆపి కిందికి జారుతుంది, పాయ దాటగానే మళ్లీ ఈదుతుంది. పైకి చిన్నదిగా కనిపించే ఈ చర్యే దాన్ని అలల మధ్య నుంచి పగడం కొమ్మల లోపలికి దించుతుంది.

మీరు అన్నట్టు మెదడు చాలా చిన్నదే, కానీ దీనికి పెద్ద మెదడు అవసరం లేదు. డింభకం శరీరంలో పెద్దజీవికి కావలసిన భాగాలు ముందుగానే చాలావరకు తయారై ఉంటాయి. సంకేతం తగలగానే తల దగ్గరి జ్ఞానకణాలు స్పందించి, నాడుల ద్వారా మొత్తం మార్పును ఒక్కసారిగా విడుదల చేస్తాయి. అందుకే కొన్ని జాతుల్లో రూపవిక్రియ గంటల్లోనే ముగుస్తుంది.

సంకేతం దొరకకపోతే? కొన్ని కొంతకాలం వేచి ఉండగలవు, కానీ ఆ నిరీక్షణకు ఖరీదు ఉంటుంది. రేవుల్లో నాచులా పెరిగే బుగులా అనే జీవి డింభకం ఏమీ తినదు. దాన్ని ఒక రోజుకు దగ్గరగా ఈదనిచ్చి తరువాత స్థిరపడనిస్తే, ఏర్పడే పిల్ల చిన్నదిగా, ఆహారం పట్టే అవయవం కురచగా ఉంటుంది. శక్తి తరిగేకొద్దీ డింభకాలు మొదట కాదన్న చోటును కూడా ఒప్పుకోవడం ఎన్నో జాతుల్లో గమనించారు.

ప్రశ్న: అంటుకున్నవన్నీ బతుకుతాయా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: బతకవు. అడుగున బతికే అకశేరుకాల్లో, స్థిరపడిన పిల్లల్లో తొలి నెలల్లోనే నూటికి తొంభైకి పైగా చనిపోవడం సర్వసాధారణం. ఎండకు ఆరిపోయేవి కొన్ని, ఒండ్రు కప్పేసేవి కొన్ని, పీతలూ చేపలూ తినేవి కొన్ని, నాచు మేసే నత్తలు దారిలో తుడిచిపెట్టుకుపోయేవి మరికొన్ని. పక్కవాడి ఒత్తిడి కూడా తక్కువది కాదు. స్కాట్లండులోని మిల్‌పోర్ట్ తీరంలో జోసెఫ్ కానెల్ పని చేసి 1961లో ప్రచురించిన పరిశోధనలో, థమలస్ అనే చిన్న బార్నకిల్ రాళ్ల దిగువ భాగంలో కూడా దిగుతున్నప్పటికీ, వేగంగా పెరిగే మరో బార్నకిల్ దాన్ని కప్పేసి, కిందినుంచి పెళ్లగించి చంపుతున్నందువల్లనే పెద్దయ్యాక రాతి పైఅంచున మాత్రమే కనిపిస్తోందని నిరూపించారు. రాతి మీద మనకు కనిపించే చారలు ఎవరు దిగారన్నదాన్ని మాత్రమే కాక, దిగినవారిలో ఎవరు మిగిలారన్నదాన్ని కూడా చెబుతాయి.

ప్రశ్న: పడవలకూ ఓడలకూ వేసే రంగుల్లో విషం ఉంటుందని అంటున్నారు. గుల్ల పట్టకుండా చేసే వేరే మార్గాలు ఉన్నాయా? విశాఖ ఓడరేవులో విదేశీ గుల్ల కూడా ఉందని విన్నాం. – ఓడల మరమ్మతు కార్మికుడు, గాజువాక

జవాబు: అటువంటి రంగులు చాలావరకు డింభకాన్ని అంటుకోనీయకుండా, లేదా అంటుకున్న వెంటనే చంపేలా తయారైనవే. వీటిలో అన్నిటికన్నా సమర్థంగా పని చేసింది ట్రైబ్యూటైల్ టిన్ కలిసిన రంగు, అన్నిటికన్నా ఎక్కువ హాని చేసిందీ అదే. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంకులు వికారంగా దళసరెక్కి, వాటి సంతానం పడిపోయింది. ఆ దేశం 1982లో 25 మీటర్ల కన్నా చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. లీటరు నీటిలో గ్రాములో శతకోటి వంతు పరిమాణంలో ఉన్నా ఆడ నత్తలకు మగ అవయవాలు పెరగడం బ్రిటన్ తీరంలో కనిపించింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో నిషేధ ఒప్పందాన్ని ఆమోదించగా, అది 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. ఇప్పుడు వాడుతున్నవాటిలో ఎక్కువ భాగం రాగి ఆధారంగా చేసినవే, రాగి కూడా రేవు నీటిలో పేరుకుంటే హానికరమే. సిలికోన్ పూతలది వేరే పద్ధతి. అవి చంపవు, గుల్ల పట్టును బలహీనపరుస్తాయి, ఓడ వేగంగా సాగినప్పుడు నీటి ఒరిపిడికే గుల్లలు రాలిపోతాయి. అందువల్ల ఎక్కువగా తిరిగే పెద్ద ఓడలకు అవి బాగా పనికొస్తాయి గాని, నెలల తరబడి కట్టేసి ఉంచే పడవకు అంత ఉపయోగం ఉండదు. మీవంటి వారు ఈ పని చేసేటప్పుడు ముఖానికి తగిన మాస్కు లేకుండా పాత రంగును గీకవద్దు, గీకిన పెళ్లలను తిరిగి నీటిలోకి పోనివ్వవద్దు. ఆ పెళ్లల్లో విషం ఇంకా మిగిలే ఉంటుంది.

మీరు విన్న విదేశీ గుల్ల మైటిలాప్సిస్ సల్లే అనే చిన్న రెండుచిప్పల జీవి. దీని స్వస్థలం కరీబియన్ సముద్రం, మధ్య అమెరికా తీరాలు. విశాఖపట్నం ఓడరేవులో గుల్లల జీవనాన్ని 1950ల నుంచే అధ్యయనం చేస్తూ వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్య పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు ఇది 1967లో ఇక్కడికి చేరిన సంగతిని నమోదు చేశారు. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా, నీరు మురికిగా ఉన్నా తట్టుకోగలదు కనుక రేవు దానికి బాగా నప్పింది. ఓడ అడుగున అంటుకుని వచ్చే పెద్దజీవులతోనూ, ఓడ సమతూకం కోసం ఒక రేవులో నింపుకుని మరో రేవులో వదిలే నీటిలోని డింభకాలతోనూ ఇటువంటి జాతులు సముద్రాలు దాటుతాయి. ఇదే జీవి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో పడవలు నిలిపే చోట్ల కనిపించినప్పుడు అధికారులు ఆ చోట్లను మూసివేసి, క్లోరిన్, మైలుతుత్తం కలిపి నీటిలోని జీవులన్నిటినీ చంపి దాన్ని నిర్మూలించారు. అవి మూసివేయగలిగే చిన్న చోట్లు కాబట్టి అది సాధ్యపడింది. మన రేవు వంటి తెరిచి ఉన్న పెద్ద చోట ఒకసారి స్థిరపడ్డ జాతిని తొలగించడం దాదాపు అసాధ్యం. ఓడ సమతూక నీటిని శుద్ధి చేసి వదలాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో రూపొంది 2017లో అమలుకు వచ్చింది. ఆలస్యమైనా, చేయవలసిన పని అదే.

ప్రశ్న: మా ఉప్పుటేరులో ఆల్చిప్పలు ఏటేటా తగ్గుతున్నాయి. తీసిన చిప్పలన్నీ సున్నం బట్టీలకు పోతున్నాయి. పిల్లలను పెంచాలంటే ఏం చేయాలి? – మత్స్యకార సహకార సంఘ సభ్యుడు, తూర్పు తీరం

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆల్చిప్ప డింభకానికి కావలసిన చోటు మరో ఆల్చిప్ప పెంకు. గుడ్డు నుంచి వచ్చాక రెండు మూడు వారాలు నీటిలో తేలుతూ పెరిగిన డింభకం, సుమారు 0.3 మిల్లీమీటర్ల పరిమాణానికి చేరేసరికి ఒక కంటిచుక్కనూ చిన్న పాదాన్నీ సంతరించుకుంటుంది. ఆ పాదంతో పాకుతూ గట్టి చోటు కోసం వెతికి, ఎడమ చిప్పను అక్కడ శాశ్వతంగా అతికించుకుంటుంది. ఆ తరువాత పాదమూ, ఈదే అవయవమూ మాయమవుతాయి. పెద్ద ఆల్చిప్పల నుంచి నీటిలోకి వెలువడే చిన్న పెప్టైడ్‌లు (ప్రొటీన్ ముక్కల వంటివి) డింభకాలను అడుగుకు రప్పిస్తాయని అమెరికాలో తేలింది. అక్కడి ఉత్తర కరొలినాలో 2013లో ప్రచురితమైన పరిశోధనలో, ఆల్చిప్పల దిబ్బల దగ్గర రొయ్యలూ చేపలూ చేసే చప్పుడును వినిపించినప్పుడు కూడా డింభకాలు ఎక్కువగా స్థిరపడ్డాయి. చిప్పలన్నిటినీ తీసేసి బురద మాత్రమే మిగిలిస్తే, డింభకాలు ఎన్ని వచ్చినా దిగే చోటు ఉండదు, రమ్మని చెప్పే సంకేతమూ ఉండదు. అమెరికాలోని చెసాపీక్ అఖాతంలో జరిగినది కొంతవరకు ఇదే. అక్కడ ఇప్పుడు హోటళ్ల నుంచి సైతం ఖాళీ చిప్పలు సేకరించి తిరిగి నీటిలో వేస్తున్నారు.

కాబట్టి తీసిన చిప్పల్లో కొంత భాగాన్ని, సగమైతే మరీ మంచిది, బట్టీకి అమ్మకుండా ఏటికే తిరిగి ఇవ్వాలని మీ సంఘం తీర్మానించుకోవాలి. ఆ చిప్పలను బాగా ఎండబెట్టి, మధ్యలో రంధ్రం చేసి, దారానికి గుచ్చి, కొయ్యగుంజల పందిరికి వేలాడదీసే పద్ధతి కేరళలోని అష్టముడి సరస్సులో ఆల్చిప్పల పెంపకందార్లకు బాగా అలవాటు. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సున్నపు పూత పూసిన ఇంటిపెంకులను వాడి పిల్లలను పట్టింది. పూత మీద పట్టిన పిల్లను దెబ్బ తగలకుండా ఊడదీసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం వేళ. చిప్పలను నెలల ముందే నీటిలో వేస్తే డింభకాలు వచ్చేలోగా బురద పట్టి, బార్నకిల్స్ ఆక్రమించి చోటు మిగలదు. ఆలస్యంగా వేస్తే ఆ విడత డింభకాలు దాటిపోతాయి. ముందు ఒక ఏడాది పాటు పదిహేను రోజులకొకసారి నాలుగైదు శుభ్రమైన చిప్పలను తాడుకు కట్టి ఏటిలో వేలాడదీసి, తీసినప్పుడల్లా వాటి మీద ఎన్ని పిల్లలు పట్టాయో భూతద్దంతో లెక్కపెట్టి తేదీతో రాసి పెట్టుకోండి. ఏ పక్షంలో ఎక్కువ పట్టాయో తెలిశాక, మరుసటి ఏడాది ఆ పక్షానికి వారం ముందు చిప్పల దండలన్నీ నీటిలో ఉండేలా చూసుకోండి.